పురుగును పస్తులుంచే మాత్ర

మూర్ఛ వచ్చి మనిషి పడిపోతే మన ఊళ్లలో అందరూ ముందు వెతికేది తాళంచెవుల గుత్తి. గుప్పిట్లో ఇనుము పెట్టాలని ఒకరంటారు. ఉల్లిపాయ నలిపి ముక్కు దగ్గర పెట్టమని ఇంకొకరంటారు. ఈలోగా ఒకటి రెండు నిమిషాలు గడుస్తాయి. చాలాసార్లు ఫిట్స్ వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం తాళంచెవికి దక్కుతుంది!

పెనుగంచిప్రోలు చుట్టుపక్కలయితే వెంటనే గుర్తొచ్చేది తిరుపతమ్మ తల్లి. పిల్లాడికి నయమైతే మునేట్లో స్నానం చేసి, అమ్మవారికి పొంగలి పెట్టుకుంటామని మొక్కుకుంటారు. మొక్కుకోవడంలో తప్పేం లేదు. ఆ తర్వాత జగ్గయ్యపేట వెళ్లాలా, నందిగామ వెళ్లాలా, నేరుగా విజయవాడో ఖమ్మమో వెళ్లి తలకు స్కాన్ తీయించాలా అన్నదగ్గరే రోజులు గడిచిపోతాయి. పెళ్లి కావలసిన ఆడపిల్లయితే నెలలు కూడా గడుస్తాయి. నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్న భయం మరి.

సరే, చివరికి స్కాన్ తీశారనుకుందాం. ఫిల్ములో బఠాణీగింజంత చుక్క, దాని చుట్టూ కాస్త వాపు. ‘గడ్డా?’ అని తల్లి గుండె జారిపోతుంది. ‘కాదమ్మా, పురుగు తిత్తి’ అంటారు డాక్టరుగారు. చీటీలో ఫిట్స్ మాత్రతోపాటు ఇంకో పేరు రాస్తారు. ఆల్బెండజోల్! బళ్లో, అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే నులిపురుగుల బిళ్ల. గొర్రెల కాపరులకయితే ఇంకా పాత చుట్టం. 1970ల్లో ఈ మందు మొదట వచ్చింది గొర్రెలూ పశువుల కోసమే. ‘తలలో జబ్బుకు కడుపులో పురుగుల మందేంటండీ?’ అని ఇంటిపెద్ద అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు తెలిస్తే ఆ మాత్రను ఎలా వేసుకోవాలో, ఎందుకు సొంతంగా కొనుక్కుని మింగకూడదో కూడా తెలుస్తుంది.

మాంసం ముట్టని ఇంట్లోనూ...

ఇంతకీ తలలోకి పురుగు ఎలా వెళ్లింది? ‘మేం పంది మాంసం ముట్టనైనా ముట్టం’ అనేది ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట. నిజమే కావచ్చు. కానీ ఈ జబ్బుకు ఆ పట్టింపు లేదు.

బద్దెపురుగు బతుకు రెండు ఇళ్ల కాపురం. సరిగ్గా ఉడకని పంది మాంసంలో తిత్తి రూపంలో ఉన్న లార్వాను తిన్న మనిషి పేగుల్లో అది పెద్ద పురుగవుతుంది. రెండు నుంచి నాలుగు మీటర్ల పొడవు పెరిగి, ఏళ్ల తరబడి కిమ్మనకుండా ఉంటుంది. ఆ మనిషి మలంలో వేలకు వేలు గుడ్లు బయటకు వస్తాయి. పంది ఆ మలాన్ని తింటే గుడ్లు దాని కండల్లో తిత్తులుగా మారతాయి. ఇదీ మామూలు చక్రం. తిరకాసంతా ఆ గుడ్లు పంది నోట్లోకి కాక మనిషి నోట్లోకి వెళ్లినప్పుడే. కడగని చేతులు, సరిగ్గా కడగని కొత్తిమీర, కలుషితమైన నీళ్లు... ఏదో ఒకటి చాలు. గుడ్డు పేగులో పొదిగి, లోపలి పిల్ల పేగుగోడను తొలుచుకుని నెత్తురులో పడి, కండలోకో కంట్లోకో మెదడులోకో చేరి అక్కడ తిత్తి కట్టుకుంటుంది. పంది అనుకుని మన ఒంట్లో దిగిందన్నమాట!

కాబట్టి తలలో తిత్తి ఉన్నవాళ్లు పంది మాంసం తిన్నారని కాదు, బద్దెపురుగు ఉన్న మరొకరి మలం ఆనవాలు ఎలాగో వాళ్ల నోటిదాకా వచ్చిందని అర్థం. చదవడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. 1990ల ఆరంభంలో న్యూయార్క్‌లో పంది మాంసాన్ని మతపరంగా నిషేధించుకున్న యూదు కుటుంబాల్లో నలుగురికి ఈ జబ్బు బయటపడి వైద్యులు తలలు పట్టుకున్నారు. ఆరా తీస్తే ఆ ఇళ్లలో వంటా పనీ చేయడానికి జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చినవాళ్ల మీదికి దారి తీసింది. కూర తప్పు కాదు, చేతుల తప్పు.

జబ్బు పాతుకుపోయి, పందులు వీధుల్లో తిరిగే ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఈ లార్వాయే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర దీన్ని గుర్తుపట్టడానికే చాలా కాలం పట్టింది. స్కాన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మూర్ఛ రోగుల మెదడులో కనిపించే ఈ చిన్న చుక్కను క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించేవారు. మన చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు సీఎంసీలో డాక్టర్ మాథ్యూ చాందీ, డాక్టర్ వేదాంతం రాజశేఖర్ బృందం ఆ చుక్కలను తీసి పరీక్షించింది. ఎక్కువ భాగం బద్దెపురుగు లార్వా అవశేషాలేనని 1980ల చివర, 1990ల ఆరంభంలో వాళ్లు చూపించాక దేశమంతటా వైద్యం తీరు మారింది. తెలుగువాళ్లు ‘వేలూరు వెళ్లాం’ అని చెప్పుకోవడం వెనుక ఇలాంటి కథలెన్నో!

నోరు లేదు, పేగు లేదు

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఆ మాత్ర లార్వాను ఏం చేస్తుంది? విషం పెట్టి చంపుతుందనుకుంటాం. అంత తేలిక కాదు. అది చేసేది ఒకటే... తిండి ఆపేస్తుంది.

బద్దెపురుగుకు నోరు లేదు. పొట్ట లేదు. పేగు లేదు. మన పేగులో ఉన్నా, మెదడులో తిత్తిగా ఉన్నా ఒంటి పైపొరతోనే తిండిని పీల్చుకోవాలి. ఆ పొర మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది. మన పేగు లోపలి పొర ఎలా ఉంటుందో దాని వెలుపలి చర్మం అలా ఉంటుంది. పేగును తిరగేసి తొడుక్కున్నట్టు! దానికి కావలసిన ముఖ్యమైన తిండి గ్లూకోజు. ఇక మెదడులో కాపురమంటే దానికి పండగే. మన బరువులో మెదడు వాటా రెండు శాతమే అయినా, ఒంటికయ్యే శక్తి ఖర్చులో ఐదో వంతు దానిదే. అంటే ఇంట్లోకెల్లా పొయ్యి ఆరని వంటింట్లో దిగిన చుట్టమన్నమాట ఈ లార్వా.

పీల్చుకున్న గ్లూకోజులో కొంత అప్పటికప్పుడు వాడుకుంటుంది. మిగిలింది గ్లైకోజన్ అనే రూపంలో దాచుకుంటుంది. రైతు గాదెలో గింజలు పోసుకున్నట్టే. మనం కూడా కాలేయంలో, కండల్లో గ్లైకోజన్ దాచుకుంటాం. తేడా ఎక్కడంటే, మనం ప్రాణవాయువుతో గ్లూకోజును పూర్తిగా కాల్చి చివరి చుక్కదాకా శక్తి పిండుకుంటాం. ఈ లార్వా సగం కాల్చి వదిలేస్తుంది. లాక్టిక్ ఆమ్లం, సక్సినిక్ ఆమ్లం వంటివి చెత్తగా బయట పోస్తుంది. తక్కువ ప్రాణవాయువుతో బతకడానికి అలవాటుపడిన పద్ధతి అది. దుబారా మనిషి జీతం లాగా, పని జరగాలంటే రాబడి ఆగకుండా వస్తూ ఉండాలి.

ఇంకో బలహీనత కూడా ఉంది. 2013లో బద్దెపురుగు జాతులు నాలుగింటి జన్యుపటాలను శాస్త్రవేత్తలు ప్రచురించారు. కొవ్వు ఆమ్లాలనూ, కొలెస్టరాల్‌నూ సొంతంగా తయారుచేసుకునే శక్తి ఈ జాతి పోగొట్టుకుందని అందులో తేలింది. ఎవరింట్లో ఉంటే వాళ్ల దగ్గరే తీసుకోవాలి. కూర్చుని తినడానికి మరిగితే ఏమవుతుందో మన పెద్దలు చెప్పనే చెప్పారు కదా.

ఆల్బెండజోల్ దెబ్బ కొట్టేది ఈ రాబడి మీదే. మాత్ర మింగాక కాలేయం దాన్ని సల్ఫాక్సైడ్ అనే రూపంలోకి మారుస్తుంది. అసలు పని చేసేది అదే. లార్వా కణాల్లో ట్యూబులిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఆ ఇటుకలు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి గొట్టాలుగా పేరుకుంటాయి. కణంలో సరుకు ఒకచోటి నుంచి మరోచోటికి చేరాలంటే అవే పట్టాలు. మందు ట్యూబులిన్‌ను పట్టుకుని ఇటుకలు అతుక్కోకుండా చేస్తుంది. పట్టాలు లేవు కాబట్టి పైపొరకు చేరవలసిన సామగ్రి చేరదు. పైపొర దెబ్బతింటే గ్లూకోజు లోపలికి రాదు. కొన్నాళ్లు గాదెలోని గ్లైకోజన్ తింటుంది. అదీ అయిపోతుంది. ఏటీపీ అడుగంటుతుంది. మనకూ ట్యూబులిన్ ఉంది కదా అంటారేమో! ఉంది. కానీ ఈ మందు పురుగు ట్యూబులిన్‌ను పట్టుకున్నంత గట్టిగా మనదాన్ని పట్టుకోదు.

ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే చిల్లర డబ్బులు. ఆ పేరు వచ్చినప్పుడు ఒక తెలుగువాణ్ణి తలచుకోకుండా ముందుకు వెళ్లడం మర్యాద కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండలో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. చిత్రమేమిటంటే, పురుగుల మందుల్లోనూ సుబ్బారావుగారి చెయ్యి ఉంది. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం నుంచే 1947లో బోదకాలు పురుగును చంపే హెట్రజాన్ వచ్చింది. ఇప్పుడు ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర అదే.

పస్తులున్న లార్వా ఊరికే చావదు. మనం ఉపవాసముంటే ఒంట్లో కొవ్వు కరిగినట్టే అదీ వేరే దారులు వెతుక్కుంటుంది. బ్రెజిల్‌లోని గోయాస్ ఫెడరల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల్లో పెరిగే ఒక బద్దెపురుగు లార్వాల మీద ఏళ్లుగా ఈ సంగతే చూస్తున్నారు. ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌లోనో, ప్రాజిక్వాంటెల్ అనే మరో మందులోనో లార్వాలను ఉంచి, అవి వదిలే ఆమ్లాలను కొలిచారు. కొవ్వును కాల్చుకుంటున్న జాడలు కనిపించాయని 2009లో ప్రచురించారు. గాదె ఖాళీ అయ్యాక నగలు తాకట్టు పెట్టినట్టు! మందును రోజుల తరబడి ఆపకుండా ఎందుకు వాడాలో ఇక్కడ అర్థమవుతుంది. మధ్యలో మానేస్తే తాకట్టు విడిపించుకోవడానికి దానికి వ్యవధి ఇచ్చినట్టే.

ప్రాజిక్వాంటెల్ దారి వేరు. అది పురుగు కణాల్లోకి కాల్షియం వరదలా వచ్చేట్టు చేస్తుంది. కండలు బిగుసుకుపోతాయి, పైపొర చిట్లుతుంది. ఎన్నో దశాబ్దాలు వాడాక గానీ ఆ మందు ఏ తలుపు తడుతుందో తెలియలేదు. నెత్తురులో ఉండే మరో జాతి పురుగులో ఆ తలుపును 2019లో గుర్తించారు. ఒకటి ఆకలితో మాడ్చేది, ఇంకొకటి ఒంటిని చీల్చేది. మెదడులో బతికున్న తిత్తులు రెండుకు మించి ఉంటే రెండు మందులూ కలిపి వాడమని 2017 నాటి అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెబుతాయి. ఒకటి రెండయితే ఆల్బెండజోల్ ఒక్కటే.

పరగడుపున వద్దు

నులిపురుగుల మందంటే పరగడుపునే వేసుకోవాలని మన ఇళ్లలో పాతుకుపోయింది. పేగులోని పురుగుల సంగతి వేరు. అక్కడ మందు నెత్తురులోకి వెళ్లకపోయినా ఫరవాలేదు, పేగులో ఉండి పని కానిస్తే చాలు. తలలోని లార్వా దగ్గరకు చేరాలంటే మాత్రం మందు నెత్తురులోకి వెళ్లి తీరాలి. ఆల్బెండజోల్ నీటిలో కరగదు. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే నెత్తురులో చేరే మందు దాదాపు ఐదు రెట్ల దాకా పెరుగుతుంది. ముద్దపప్పులో రెండు చెంచాల నెయ్యి, గుడ్డు, మీగడ పెరుగు... ఏదైనా సరే. అదే మాత్ర, అదే ఖర్చు. నెయ్యి లేకపోతే వైద్యం అరకొరే. ‘పథ్యం’ పేరుతో పిల్లాడికి చారన్నం, ఇడ్లీలు మాత్రమే పెట్టే అమ్మమ్మలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటోన్ వంటి మందులు కాలేయాన్ని పరుగులెత్తించి, నెత్తురులో ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌ను తగ్గిస్తాయి. వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది. అదే స్టెరాయిడ్ ప్రాజిక్వాంటెల్‌ను మాత్రం తగ్గిస్తుంది. ఒకే చీటీలో ఇన్ని లెక్కలున్నాయి. అందుకే ‘ఫిట్స్ మాత్ర వేడి చేస్తుంది, అది మాని ఇది వేస్తే చాలు’ అనే పక్కింటి సలహాకు దూరంగా ఉండాలి. మామూలుగా ఈ జబ్బుకు ఆల్బెండజోల్‌ను ఒంటి బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు రెండు పూటలుగా పంచి, 10 నుంచి 14 రోజులు ఇస్తారు. ఎవరికెంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరే తేల్చాలి. అంతకంటే ఎక్కువ రోజులు వాడేటప్పుడు మధ్యలో కాలేయానికీ, నెత్తురు కణాలకూ పరీక్షలుంటాయి. గర్భిణులకు ఈ మందు వీలైనంత వరకూ వద్దు.

చావే ప్రమాదం

ఇక సొంతవైద్యం సంగతి. బతికున్న లార్వా మన రక్షణ వ్యవస్థ కన్నుగప్పి ఏళ్లకేళ్లు నోరెత్తకుండా ఉంటుంది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసి మన దేశం నుంచి తిరిగి వెళ్లిన సైనికులు ఎంతోమందికి ఇంటికి చేరిన కొన్నేళ్లకు మూర్ఛ మొదలైంది. అలాంటి 450 కేసులను డిక్సన్, లిప్స్‌కోంబ్ అనే ఇద్దరు వైద్యులు 1961లో గుదిగుచ్చారు. అంటే లార్వా ఒంట్లో ఉన్న ఇన్నేళ్లూ కాక, అది చచ్చేటప్పుడే ఎక్కువ గొడవ. గోడ చిట్లి లోపలి పదార్థాలు బయటకు రాగానే ఇన్నాళ్లూ నిద్రపోయిన రక్షణ వ్యవస్థ ఉలిక్కిపడి దండెత్తుతుంది. వాపు వస్తుంది. తలనొప్పి, వాంతులు, మళ్లీ ఫిట్స్. మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే ఇవి ఎక్కువ. పురుగును మెల్లగా మాడ్చే మందుతోపాటు వాపును అదుపులో పెట్టే స్టెరాయిడ్ ఇచ్చేది ఇందుకే. కంట్లో తిత్తి ఉంటే ఇంకా కష్టం. అక్కడ వాపొస్తే చూపే పోవచ్చు. మందు మొదలుపెట్టే ముందు కళ్లు పరీక్ష చేయించమని డాక్టరు పంపితే అనవసరపు ఖర్చు అనుకోకండి. తలలో తిత్తులు లెక్కకు మించి ఉండి మెదడంతా వాచినవారికి అసలు ఈ మందే ఇవ్వరు, ముందు వాపు సంగతి చూస్తారు. ఇక స్కాన్‌లో సున్నపు చుక్కలా గట్టిపడి కనిపిస్తే లార్వా ఎప్పుడో చచ్చినట్టే. మాడ్చడానికి అక్కడేమీ లేదు, ఫిట్స్ మందు వాడితే చాలు.

ఇదంతా చదివి బళ్లో ఇచ్చే బిళ్లకు భయపడవద్దు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకిచ్చేది ఒక్క మోతాదు, అదీ పేగుల్లోని పురుగులకు. రెండు వారాలు రోజూ వాడే వైద్యంతో దానికి పోలిక లేదు.

అన్నట్టు, గొర్రెల మందలో ఒక గొర్రె ఉన్నట్టుండి ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుండటం కాపరులకు తెలిసిన దృశ్యమే. అదీ బద్దెపురుగు లార్వా పనే. కుక్క పేగులో ఉండే మరో జాతిది, గొర్రె మెదడులో తిత్తి కడుతుంది. కుక్కల నుంచే వచ్చే ఇంకో జాతి మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కడుతుంది. డాక్టర్లు హైడాటిడ్ అంటారు. అది బాగా పెద్దదవుతుంది, దాని గోడ కూడా దళసరి. అందుకే అక్కడ ఇదే ఆల్బెండజోల్‌ను నెలల తరబడి వాడతారు, చాలాసార్లు ఆపరేషన్ కూడా చేయవలసి వస్తుంది. మునేటి ఒడ్డున తిరునాళ్ల వంటలయినా, ఆదివారం మాంసం కొట్టయినా తీసేసిన కాలేయాన్నీ ఊపిరితిత్తులనూ కుక్కలకు విసిరేయకుండా పూడ్చిపెట్టాలని పశువైద్యులు మొత్తుకునేది దీనికోసమే.

హైదరాబాదులో తయారయ్యే టీకా

జబ్బును మనిషి తలలోకి రాకముందే ఆపే పని కూడా జరుగుతోంది. పందిలో తిత్తి లేకపోతే పెద్దపురుగు లేదు, పెద్దపురుగు లేకపోతే గుడ్లు లేవు. పందులకు వేసే టీకాను ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ లైటౌలర్స్ బృందం రూపొందించింది. దాన్ని సిస్‌వాక్స్ పేరుతో తయారుచేసింది మన హైదరాబాదు సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్. అప్పటికే కండల్లో ఉన్న తిత్తులకు ఆల్బెండజోల్ కుటుంబానికే చెందిన ఆక్స్‌ఫెండజోల్ ఒక్క మోతాదు చాలు.

చిక్కల్లా డబ్బు దగ్గరే. కండలో తిత్తులున్నా పంది మామూలుగానే తిరుగుతుంది, తింటుంది, బరువు పెరుగుతుంది. పెంచుకునేవాడికి కంటికి కనిపించే నష్టం లేదు. ఫిట్స్ వచ్చేది ఎక్కడో, ఎవరింట్లోనో. జబ్బు కనబడని పందికి టీకా ఖర్చు పెంపకందారు ఎందుకు పెట్టుకోవాలి, ఆయన పెట్టుకోకపోతే ఎవరు పెట్టాలి అన్నదగ్గర చాలా దేశాల్లో ఈ పని ఆగుతూ నడుస్తోంది.